నాన్నకి పైకి చదివి వినిపించాలి: ఎక్కువమందికి తెలియని కథలు, నవలలు చెప్పండి

అరండల్‌పేట అమ్మాయి

అందరికీ నమస్కారం. మా నాన్నకి చూపు బాగా తగ్గిపోయింది. మనుషులు, గుమ్మాలు, కంచంలో అన్నం తెలుస్తాయి గానీ అక్షరం ఆనదు. ఇక పుస్తకం పట్టుకోవడం కుదరదని డాక్టరు తేల్చి చెప్పేశారు. టీవీ అంటే ఆయనకి ముందునుంచీ చిరాకు. ఫోన్లో ఆడియో కథలు పెట్టి చూశాను. "ఈవిడెవరో వార్తలు చదువుతున్నట్టుంది, కట్టెయ్" అన్నారు. దాంతో రాత్రి భోజనాలయ్యాక నేనే పక్కన కూర్చుని చదవడం మొదలుపెట్టాను.

చిక్కల్లా ఆయన చదవని పుస్తకం దొరక్కపోవడమే. నాన్న రైల్వేలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. సిగ్నల్ ఇవ్వక ఏ పొలాల మధ్యనో గంటల తరబడి బండి ఆగిపోయే ఉద్యోగం. లైన్ బాక్సులో జెండాలు, టార్చి పక్కన ఎప్పుడూ ఒక నవల ఉండేదట. వేయిపడగలు, చివరకు మిగిలేది, అసమర్థుని జీవయాత్ర నాకు ఊహ తెలియక ముందే అయిపోయాయి. యండమూరి, మల్లాది, యద్దనపూడి అమ్మతో పోటీపడి చదివారు. "మంచి తెలుగు నవలలు చెప్పండి" అని ఏ గ్రూపులో అడిగినా మళ్ళీ అవే పది పేర్లు వస్తున్నాయి.

అందుకని తక్కువమందికి తెలిసినవి కావాలి. ఒకే రకం వద్దు. డిటెక్టివ్, చరిత్ర, హాస్యం, మాంత్రికులు, సైన్సు, పల్లెటూరు ఏదైనా పర్లేదు. ఇంకో సంగతి, నేను ఇంగ్లీషు మీడియం బాపతు. పెద్ద సమాసం ఎదురైతే తడబడతాను. నాన్న వెంటనే సరిదిద్దుతారు. తర్వాత ఆ సమాసం మీద ఓ పావుగంట క్లాసు, కథ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి నోటికి సులువుగా ఉండాలి. నాన్న తరఫున కూడా ఒక షరతు ఉంది: "ఏడుపుగొట్టు కథలు తెచ్చావంటే నిద్రపోతాను."

---

మానేరు గట్టు

అక్కా, రెండు చెప్త. రెండూ చిన్నవే, నాలుగైదు రాత్రుల్లో అయిపోతయి.

ఒకటి కేశవరెడ్డి గారి 'అతడు అడవిని జయించాడు'. ఒక ముసలాయన, ఈననీకి అడవిలకు పోయిన ఆయన పంది, ఒక రాత్రి. కథంతా ఇంతే. మాటలు తక్కువ. కానీ ఆయన చెవులు రిక్కించి విన్న ప్రతి చప్పుడు మనకూ వినిపిస్తది. రచయితది చిత్తూరు జిల్లా, డాక్టరు, డిచ్‌పల్లిల కుష్ఠు రోగులకు వైద్యం చేసిండు. రాత్రిపూట లైటు తగ్గించి చదువు.

రెండోది పెద్దింటి అశోక్‌కుమార్ 'జిగిరి'. ఎలుగుబంటిని ఆడించి బతికే ఇమాం కుటుంబం కథ. ఇంట్ల బిడ్డలెక్క పెరిగిన జంతువు ఒక పక్క, దాన్ని వదిలించుకుంటే బతుకు బాగుపడతదన్న ఆశ ఇంకో పక్క. నీకు మా మాట అలవాటు లేకుంటే మొదటి పదిపేజీలు మెల్లగ చదువు, తర్వాత దానంతటదే నడుస్తది.

ఏడుపు వద్దన్నరు గద నాయిన. జిగిరిల గుండె బరువెక్కుతది, ముందే చెప్తున్న. కానీ కూసోబెట్టి ఏడిపించే కథ కాదు.

---

తెనాలి అద్దె నవలలు

అమ్మాయ్, నీ పోస్టు మా మనవడు చూపించాడు. నాకు తెనాలిలో అద్దె నవలల షాపు ఉండేది. కేబుల్ టీవీ వచ్చాక ఆడవాళ్ళు రావడం తగ్గించారు, సెల్‌ఫోన్లు వచ్చాక కుర్రాళ్ళు మానేశారు. షాపు ఎత్తేశాను. పుస్తకాలు మాత్రం సగం దాకా మా మేడ మీద గదిలో ఉన్నాయి. చెదలకీ మా ఆవిడకీ భయపడుతూ బతుకుతున్నాయి.

అద్దె షాపులో కూర్చున్నవాడికి ఏ పుస్తకం ఎంత తిరిగిందో అట్ట చూస్తే తెలిసిపోతుంది. యద్దనపూడి నవలలకి ఏటా కొత్త బైండు వేయించాల్సి వచ్చేది. నేను చెప్పబోయేవాటిలో కొన్నింటికి మొదటి బైండే ఇప్పటికీ గట్టిగా ఉంది, ఎవరూ అడిగేవాళ్ళు కాదు మరి. నేనే బలవంతాన చేతిలో పెట్టి పంపిస్తే, మర్నాడు "ఇట్లాంటివి ఇంకేమన్నా ఉన్నాయా" అంటూ వచ్చినవాళ్ళున్నారు. నువ్వు పైకి చదవాలన్నావు చూడు, అది ముఖ్యం. కళ్ళతో చదివితే బాగుండి, నోట్లో పెట్టుకుంటే రాళ్ళలా తగిలే పుస్తకాలు బోలెడు. నేను చెవినిబట్టే చెబుతాను.

డిటెక్టివులతో మొదలుపెడదాం. కొమ్మూరి సాంబశివరావుని మీ నాన్నగారికి నేను పరిచయం చెయ్యనక్కర్లేదు. యుగంధర్, రాజు అంటే చాలు, ఆ తరం వాళ్ళు లేచి కూర్చుంటారు. ఆరుద్ర కూడా డిటెక్టివ్ నవలలు రాశాడని చెప్పి చూడు. కవిత్వం, సినిమా పాటలు, సాహిత్య చరిత్ర రాసిన ఆరుద్రే. 'పలకల వెండిగ్లాసు' అని ఒకటుంది, దొరికితే వదలకు. ఇంకా వెనక్కి వెళ్ళాలంటే దేవరాజు వేంకటకృష్ణారావు గారి 'వాడే వీడు'. తెలుగులో అపరాధ పరిశోధన నవలలు అప్పుడప్పుడే పుడుతున్న రోజులది. భాష పాతది, నీకు కష్టం. మీ నాన్నగారికి మాత్రం సరదాగా ఉంటుంది.

మా షాపులో డిటెక్టివ్ నవలలతో పెద్ద తలనొప్పి ఒకటుండేది. ఎవడో మహానుభావుడు చదవడం అయ్యాక మొదటి పేజీలో బాల్‌పెన్నుతో "హంతకుడు ఫలానా" అని రాసి తిరిగిచ్చేవాడు. దాని మీద కాగితం అంటించేవాణ్ణి. తర్వాత తీసుకెళ్ళినవాడు ముందు ఆ కాగితం పీకి చూసేవాడు. వాడెవడో నాకు చివరిదాకా దొరకలేదు. నువ్వు పాత పుస్తకాలు కొంటే మొదటి పేజీ చూడకుండా తిప్పెయ్.

ఇక పైకి చదవడానికే పుట్టాయా అనిపించేవి శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథలు. పేరు తెలియనివాళ్ళు లేరు. కానీ 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' దగ్గర ఆగిపోతారు, కథల్లోకి దిగరు. నువ్వు 'వడ్లగింజలు'తో మొదలుపెట్టు. కథ అంటారు గానీ చిన్న నవలంత ఉంటుంది. పెద్దాపురం సంస్థానం, చదరంగం, శంకరప్ప అనే బీద కుర్రాడు. రాజుగారితో ఆడాలని అతని పట్టుదల. రాజుగారి దాకా వెళ్ళనిస్తేగా! మధ్యలో ఎంతమంది, ఎన్ని తలుపులు. శ్రీపాద వారిలో గొప్పతనం ఏమిటంటే పేజీలకు పేజీలు ఉట్టి మాటలే నడుస్తాయి. 'అన్నాడు', 'అంది' కూడా కనపడవు. ఎవరు మాట్లాడుతున్నారో ఆ మాట తీరే చెబుతుంది. నువ్వు కొంచెం గొంతు మార్చగలిగితే నాటకం అయిపోతుంది. ఒక్కటి గుర్తుంచుకో, ముందు నువ్వొక్కదానివే ఓసారి చదువుకుని కూర్చో. లేకపోతే మధ్యలో ఎవరి మాట ఎవరిదో కలిసిపోతుంది.

పేరులో వడ్లగింజలెందుకంటే, పందెం అక్కడుంది. చదరంగం బల్ల మీద 64 గళ్ళు. మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అట్లా రెట్టింపు చేసుకుంటూ పోవాలి. మొత్తం కలిపితే ఇరవై అంకెల సంఖ్య తేలుతుంది. మీ నాన్నగారు గూడ్సు గార్డు కదా, అన్ని వడ్లకి ఎన్ని వ్యాగన్లు కావాలో లెక్కకట్టమను. ఆ రాత్రికి నువ్వు చదవక్కర్లేదు.

దాని తర్వాత 'గులాబీ అత్తరు'. ఇదీ పెద్దాపురమే. అత్తరు అమ్మడానికి వచ్చిన సాయిబుకీ రాజుకీ మధ్య దివాను అడ్డం. చిన్న కథ, ఒక్క రాత్రి సరిపోతుంది.

మా ఊరు కాబట్టి ఈయన గురించి చెప్పకుండా ఉండలేను. శారద అని ఒక రచయిత. పేరు చూసి ఆడమనిషి అనుకుంటారు. అసలు పేరు ఎస్. నటరాజన్, తమిళుడు. చిన్నతనంలో 1937లో తండ్రితో తెనాలి వచ్చాడు. హోటల్లో సర్వరుగా చేశాడు. తెలుగు ఇక్కడే నేర్చుకున్నాడు, ఆ నేర్చుకున్న తెలుగులోనే నవలలు రాశాడు. 1955లో పోయేనాటికి ముప్ఫై ఒకటో ఎంతో. 'మంచీ చెడూ', 'అపస్వరాలు', 'ఏది సత్యం'. పగలు బల్లలు తుడిచి, ఇడ్లీలు అందించి, రాత్రి రాసిన మనిషి ఏం రాస్తాడు? ఆకలి గురించి, దరిద్రం గురించి అనుకుంటాం. 'మంచీ చెడూ' తీసి చూడు. చిన్న పట్నంలో డబ్బు ఎట్లా చేతులు మారుతుంది, దానితో పాటు మనుషులెట్లా మారతారు అనేదాన్ని ఎంతో నిదానంగా చూస్తాడు. ఎవరినీ తిట్టడు. హోటల్లో బల్లల దగ్గర నిలబడ్డవాడికి అందరి మాటలూ వినపడతాయి కదా. సంభాషణల్లో ఆ చెవి తెలుస్తుంది. వాక్యాలు పొట్టివి, నీకు ఎక్కడా ఇబ్బంది ఉండదు. ఈయన స్నేహితుడు ఆలూరి భుజంగరావు 'సాహిత్య బాటసారి శారద' అని ఆయన జీవితం రాశాడు, అదీ చదవొచ్చు గానీ మీ నాన్నగారి షరతుకి నిలబడదు.

మా షాపుకి వచ్చేవాళ్ళకి "ఈయన మన తెనాలిలో టిఫిన్లు అందించినాయనే" అని చెప్పేవాణ్ణి. ఆ మాటకి పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళు. లేకపోతే అట్ట మీద బొమ్మ బాగాలేదని పెట్టేసేవాళ్ళు.

విశ్వనాథ అంటే నువ్వు భయపడతావు. వేయిపడగలు పక్కన పెట్టు. 'హాహా హూహూ' చూడు. గుర్రం మొహం ఉన్న గంధర్వుడు ఒకడు లండన్‌లో వచ్చి పడతాడు. దొరలు వాణ్ణి బోనులో పెడతారు. వాడు మాట్లాడేది సంస్కృతం. అక్కడి శాస్త్రజ్ఞులు, పండితులు, పేపర్లవాళ్ళు పడే అవస్థ చదువుతుంటే మా షాపులో నవ్వు ఆపుకోలేక నేనే బయటికి వెళ్ళిన సందర్భం ఉంది. ఇంకోటి 'విష్ణుశర్మ ఇంగ్లీషు చదువు'. పంచతంత్రం చెప్పిన విష్ణుశర్మ, భారతం రాసిన తిక్కన ఇద్దరూ దిగివచ్చి మాకు ఇంగ్లీషు నేర్పమని కూర్చుంటారు. ఆ స్పెల్లింగులెందుకు అట్లా ఉంటాయి, రాసేదొకటీ పలికేదొకటీ ఏమిటి అని వాళ్ళు అడిగే ప్రశ్నలకి పాఠం చెప్పేవాడి పని అయిపోతుంది. ఇంగ్లీషు మీడియం దానివి కదా, నీకు ఇంకా బాగుంటుంది. విశ్వనాథ చాలా నవలలు చేత్తో రాయలేదు. ఆయన చెబుతుంటే పక్కవాళ్ళు రాసుకున్నారు. నోటి నుంచి వచ్చిన వచనం కాబట్టి మళ్ళీ నోటికి తేలిగ్గానే ఎక్కుతుంది. కాస్త నమ్మి చూడు.

చరిత్ర నవలల్లో అందరూ బాపిరాజు 'గోన గన్నారెడ్డి' చెబుతారు. నేను తెన్నేటి సూరి 'ఛంఘిజ్ ఖాన్' చెబుతాను. ఎక్కడి మంగోలియా, ఎక్కడి గోబీ ఎడారి! తెలుగువాడు కూర్చుని రాశాడంటే నమ్మబుద్ధి కాదు. లావుపాటి పుస్తకం, నెలరోజులు పడుతుంది. మల్లాది వసుంధర 'తంజావూరి పతనము' మన తెలుగు నాయకరాజుల చివరి రోజులు. 1673లో మధుర (మదురై) వాళ్ళ చేతిలో తంజావూరు పడిపోయింది కదా, ఆ విజయరాఘవనాయకుడి కాలం. పిలకా గణపతిశాస్త్రి గారి 'విశాల నేత్రాలు' శ్రీరంగంలో జరుగుతుంది. తన ప్రియురాలి కళ్ళకి ఎండ తగలకుండా గొడుగు పట్టుకుని నడిచే మల్లుడు, అతన్ని చూసిన రామానుజులు. వైష్ణవులు చెప్పుకునే ధనుర్దాసు కథే దానికి ఆధారం. భాష కొంచెం బరువే గానీ లయ ఉంటుంది. నోరి నరసింహశాస్త్రి గారివి మంచివే. నీకిప్పుడే వద్దు, క్లాసులు ఎక్కువైపోతాయి.

హాస్యానికి కె.ఎన్.వై. పతంజలి. 'వీరబొబ్బిలి' అంటే రాజుగారి కుక్క. దాని అభిప్రాయాలు దానికుంటాయి. 'గోపాత్రుడు'లో భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందని ఒకాయన అంటాడు, అలమండ ఊరంతా రెండుగా చీలిపోతుంది. దాని తర్వాతి భాగం 'పిలక తిరుగుడు పువ్వు'లో వ్యవహారం కోర్టుకెక్కుతుంది. అలమండ ఊరు నిజంగానే ఉంది, విజయనగరం దాటకముందు స్టేషన్. మీ నాన్నగారికి పేరు తెలిసే ఉంటుంది. ఆ యాస రాకపోయినా పర్లేదు, వాళ్ళ దబాయింపు పట్టుకుంటే చాలు.

ఉప్పల లక్ష్మణరావు 'అతడు-ఆమె' ఎవరూ చెప్పరు. స్వాతంత్ర్యోద్యమ కాలం. భార్యాభర్తల డైరీలు. ఆయన డైరీ ఆయనది, ఆమె డైరీ ఆమెది, ఒకే కాలం ఇద్దరి కళ్ళతో. ఆమె డైరీ నువ్వు చదువు. ఆయనది చదవడానికి ఇంట్లో మగగొంతు ఏదన్నా ఉంటే పట్టుకో, తమ్ముడో అల్లుడో.

చివరగా, నవ్వకు, చందమామ సీరియళ్ళు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం. రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామ ఆఫీసులోనే ఉద్యోగి, సీరియల్‌కి ఆయన పేరు వేసేవాళ్ళు కాదు. బొమ్మలేసిన చిత్రా గుర్తున్నాడు, రాసినాయన గుర్తులేడు. ప్రతి నెలా చివర ఎవడో ఒకడు కొండ అంచు మీద వేలాడుతూ ఉండగా ఆగిపోతుంది. వాటిని నెలనెలా కత్తిరించి, కుట్టి బైండు చేయించుకున్న ఇళ్ళు ఎన్నో. పైకి చదవడానికి ఇంతకంటే వీలైనవి నేను చూడలేదు. ఒక భాగం అయ్యాక "ఇంకొకటి చదువు" అనకుండా మీ నాన్నగారు ఉంటారేమో చూస్తాను.

ఇది చాలా పొడుగైంది. మనవడు టైపు చెయ్యలేక గొణుగుతున్నాడు.

---

డాలస్ పాఠకురాలు

తెనాలి అంకుల్, మీ పోస్టు ప్రింటు తీసుకున్నాను.

సైన్సు కథలు ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతాను. వేమూరి వేంకటేశ్వరరావు గారు కాలిఫోర్నియాలో కంప్యూటర్ సైన్స్ ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు చేసింది కూడా ఆయనే. 'కించిత్ భోగే భవిష్యతి' ఆయన కథల సంపుటి. సైన్సు మాట వచ్చిన ప్రతిచోటా ఇంగ్లీషు ముక్క అతికించకుండా తెలుగులో నడిపిస్తారు, అందువల్ల పైకి చదివేటప్పుడు ఎక్కడా తట్టుకోదు. ఇప్పటి వాళ్ళలో అనిల్ ఎస్. రాయల్ కథలు, 'నాగరికథ', 'రీబూట్' చూడండి. మలుపులుంటాయి, కాబట్టి మధ్యలో ఆపి నిద్రపోతే మర్నాడు మొదటికి వెళ్ళాల్సి వస్తుంది.

విశ్వనాథ దగ్గర మాత్రం నాకు అంకుల్‌తో పేచీ ఉంది. 'హాహా హూహూ' ఆలోచన బ్రహ్మాండం, ఒప్పుకుంటాను. కానీ కొన్నిచోట్ల కథ ఆపేసి మనకు ఉపన్యాసం ఇస్తారు. అక్కడ నా గొంతు ఆటోమేటిగ్గా క్లాసు టీచర్ గొంతైపోయింది. మా అత్తగారికి చదివి వినిపించినప్పటి అనుభవం ఇది. ఆవిడ "ఆ ముక్క దాటెయ్ అమ్మా" అన్నారు. దాటేశాను. కథకి ఏ లోటూ రాలేదు.

పాత పుస్తకాలు చాలా వరకు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో స్కాన్లు దొరుకుతాయి. తెలుగులో కాకుండా ఇంగ్లీషు అక్షరాల్లో, రకరకాల స్పెల్లింగులతో వెతకాలి. ట్యాబ్‌లో పెట్టుకుంటే అక్షరం పెద్దది చేసుకోవచ్చు. కథలకైతే శ్రీకాకుళం కథానిలయం వాళ్ళ వెబ్‌సైటు ఉంది. కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన లైబ్రరీ అది. పాత వారపత్రికల్లో పడిన కథలు పత్రిక పేజీతో సహా కనిపిస్తాయి, పక్కన సబ్బుల ప్రకటనలు కూడా. వాటినీ చదివి వినిపించండి, ఆ తరం వాళ్ళకి భలే ఇష్టం.

---

అరండల్‌పేట అమ్మాయి

అందరికీ బోలెడు థాంక్స్. మీ జవాబులన్నీ కూడా నాన్నకి పైకి చదివాను. తెనాలి బాబాయ్ గారూ, మీది రెండుసార్లు చదివించుకున్నారు.

వడ్లగింజలు అయిపోయింది. మీరు చెప్పినట్టు ముందు నేనొక్కదాన్నే చదువుకుని కూర్చున్నాను, అయినా ఒకచోట శంకరప్ప మాట ఎదుటివాడి గొంతుతో చదివేశాను. నాన్న పట్టేశారు. పందెం దగ్గరికి వచ్చాక మీరు అన్నంతా జరిగింది. "వెయ్యి గింజలు ఎంత తూగుతాయి?" అని మొదలుపెట్టారు. అమ్మ చేత వంటింట్లోంచి వడ్లు లేవని చెప్పించుకుని, బియ్యం గింజలు లెక్కపెట్టించారు. కిరాణా కొట్టు త్రాసులో తూచుకు రమ్మన్నారు. నేను వెళ్ళలేదు. చివరికి వ్యాగన్ల లెక్క వందల కోట్లలోకి పోయాక "ఇండియన్ రైల్వేస్ వల్ల కాదు" అని కొట్టేశారు.

వీరబొబ్బిలి సగంలో ఉంది. నవ్వు వచ్చి నేనే చదవలేకపోతున్నాను. ఎదురింటావిడ వచ్చి ఏమైందని అడిగింది. అలమండ పేరు నాన్నకి తెలుసు గానీ ఆ లైన్లో పనిచెయ్యలేదట.

మానేరు తమ్ముడూ, అడవి నవల ఆర్డరు పెట్టాను. జిగిరి మాత్రం నేనొక్కదాన్నే చదువుకుని, తర్వాత నిర్ణయిస్తా.

ఇంకో ప్రశ్న. వేరే ఎవరో 'ప్రళయకావేరి కథలు' అని మెసేజి పెట్టారు. నాలుగు పేజీల నమూనా చూశాను. చాలా బాగుంది, కానీ మాటలు నాకు సగం కొత్త. గుంటూరు వాళ్ళకి అర్థమవుతుందా?

---

తడ మనిషి

ఆ మెసేజి నాదే అమ్మా, ఇక్కడ పెట్టడం చేతకాక అలా పంపాను. మాది పులికాట్ ఒడ్డు. ఆ సరస్సుకి మా పెద్దోళ్ళు చెప్పే పేరే ప్రళయకావేరి. స.వెం. రమేశ్ రాసిన కథల్లో ఇరకం దీవి, వేనాడు, ఉప్పునీళ్ళు, పడవలు, చేపలు, చెట్లు, తాతా అవ్వల ఇళ్ళు అన్నీ ఉంటాయి. ఇప్పుడు జనం చలికాలంలో ఫ్లెమింగోలు చూడ్డానికి సూళ్ళూరుపేట వచ్చి ఫొటో తీసుకుని పోతారు. ఆ దీవుల్లో ఏం తిన్నారు, ఏ ఆటలాడారు, ఏ మాట మాట్లాడారు అన్నది తెలియాలంటే ఈ పుస్తకమే.

అర్థం కావడం గురించి భయపడొద్దు. కంటితో చూసినప్పుడు వింతగా ఉండే మాట, పైకి అన్నాక చాలాసార్లు దానంతటదే తెలిసిపోతుంది. మా మాటలో తమిళం కలిసిందని అందరూ అంటారు. చదివి చూడు, ఎన్ని పాత తెలుగు మాటలు బతికి ఉన్నాయో. మీ నాన్నగారికి నీకంటే ఎక్కువ తెలుస్తాయి. తెలియనివి ఇక్కడ రాసి పెట్టు, నేను చెబుతా. రోజుకో కథ కంటే ఎక్కువ చదవొద్దు, తిండి వర్ణనలకి ఆకలేస్తుంది.

---

తెనాలి అద్దె నవలలు

డాలస్ అమ్మాయ్, ఉపన్యాసం దాటేశావంటే నాకేం కోపం లేదు. విశ్వనాథ వారికి వచ్చేది. నేను షాపులో ఎవరు ఏ పేజీ దాటారో అడిగేవాణ్ణి కాదు, పుస్తకం చింపకుండా తెస్తే చాలు.

అరండల్‌పేట అమ్మాయ్, ఆరుద్ర పుస్తకం కోసం నిన్న మేడ మీద వెతికాను. కనపడలేదు. ఎవరో పట్టుకెళ్ళి ఇవ్వలేదు, ఖాతా పుస్తకంలో పేరు కూడా ఉంది, ఇప్పుడు అడిగి లాభం లేదు. 'విశాల నేత్రాలు' దొరికింది. మధ్యలో రెండు కాగితాలు లేవు, స్కాన్‌లో చూసి నకలు రాయిస్తాను. చందమామ బైండ్లు మూడున్నాయి. ఒకదాంట్లో శిథిలాలయం మొదటినుంచి చివరిదాకా ఉంది, అట్టకి మాత్రం నూనె మరక. పోస్టులో పంపనా? అడ్రసు ఇక్కడ అందరి ముందూ పెట్టకు, మెసేజిలో పంపు. అద్దె అక్కర్లేదు, డిపాజిట్ కూడా వద్దు. చదవడం అయ్యాక బైండు ఊడితే ఫెవికాల్ రాయొద్దు, దబ్బనంతో కుట్టించి పంపు.

---

అరండల్‌పేట అమ్మాయి

పంపండి బాబాయ్ గారూ. అడ్రసు మెసేజి చేశాను. పోస్టు ఖర్చులు నేనిస్తాను, కాదనకండి. నాన్న మీకు ఒక మాట చెప్పమన్నారు: 'వాడే వీడు' ఆయనకి కావాలట, భాష కష్టమైతే పలకడం ఆయన నేర్పుతారట. స్కాన్ ఎక్కడైనా కనిపిస్తే ఎవరైనా లింకు పెట్టగలరా? ఇంగ్లీషు స్పెల్లింగులు నాలుగు రకాలుగా కొట్టి చూశాను, రాలేదు.